‘ఆశించిన’ పురుగు, ‘ఆశించిన’ దిగుబడి

ప్రశ్న: పత్తి సాగు కరపత్రంలో ‘గులాబీ రంగు పురుగు ఆశించిన కాయలు’ అని ఉంది. కిందనే ‘ఆశించిన దిగుబడి రాకపోతే’ అని రాశారు. రెండూ ఒకే మాటేనా? ‘ఆశించిన దానికంటే నష్టం ఎక్కువ’ అని వార్తల్లో చదివితే చెవిలో గుచ్చుకుంటోంది. అది తప్పా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: రూపం ఒకటే, పని వేరు. పురుగు ఆశించడమంటే పంట మీద చేరి దాన్ని పట్టుకోవడం. ఇది వ్యవసాయ శాఖ వాళ్ల మాట. ఊళ్లో ఎవరూ ఇట్ల అనరు, ‘పత్తికి పురుగు పట్టింది’ అంటారు. ‘పట్టు’కు ‘కి’ కావాలి, ‘ఆశించు’కు ‘ని’ కావాలి: పత్తికి పట్టింది, పత్తిని ఆశించింది. ‘మిరపకు తామర పురుగు ఆశించింది’ అని రాసేవాళ్లు ఈ రెంటినీ కలగలుపుతున్నారు.

దిగుబడి దగ్గరున్నది కోరుకోవడం. ఏది ఏదో తేల్చుకోవడానికి ‘అని’ పెట్టి చూడండి. ‘మంచి ధర వస్తుందని ఆశించాడు’ కుదురుతుంది, పురుగుకు ‘అని’ అతకదు. కరపత్రాల్లో చిక్కు వచ్చేది కర్తను వదిలేసినప్పుడు. ‘ఆశించిన కాయలను ఏరి కాల్చండి’ అంటే, కోరుకున్న కాయలను కాల్చమన్నట్టు కూడా చదువుకోవచ్చు! ‘పురుగు పట్టిన కాయలు’ అని రాస్తే గొడవే లేదు.

ఇక నష్టం సంగతి. మీ చెవి సరిగ్గానే పట్టింది. ‘ఆశించు’లో ఆశ ఉంది. కోరుకోని దానికి అది చెల్లదు, నష్టాన్ని ఎవరూ ఆశించరు. అక్కడ ‘ఊహించిన దానికంటే’ అనాలి. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరిని ముంచింది ఊహించని వరద. దాన్ని ‘ఆశించని వరద’ అంటే నవ్విపోతారు.

‘అంచనా’ను కూడా ఊహతో కలిపేయొద్దు. దానికి లెక్క ఉండాలి. ఎకరం 43,560 చదరపు అడుగులు. సాళ్ల మధ్య 3 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులు వదిలితే 7,260 మొక్కలు. మొక్కకు 30 కాయలు, కాయకు 4 గ్రాముల పత్తి అనుకుంటే 871 కిలోలు, అంటే 8.7 క్వింటాళ్లు. ఇది అంచనా వేయడం. చేను గట్టు మీద నిలబడి ‘ఎనిమిది క్వింటాళ్లు ఎల్తదేమో’ అంటే ఊహించడం. మన దగ్గర అందాజ అనేది దీన్నే. ఎనిమిది ఎల్తే పిల్ల పెండ్లి చేద్దామనుకుంటే ఆశించడం.

రాబోయే కీడును గుర్తుల్ని బట్టి ముందే పట్టుకోవడానికి ‘పసిగట్టు’ అనే చక్కటి మాట ఉంది. పసి అంటే వాసన. జంతువులు చేసే పని అది. ‘ముందుగా ఊహించి’ అని రెండు మాటలు పెట్టే చోట చాలాసార్లు ఇదొక్కటే చాలు. పైగా ఊహించడంలోనే ‘ముందు’ ఉంది.

ప్రశ్న: ‘మీ రాకకు ఎదురుచూస్తున్నాం’, ‘మీ రాక కోసం’... ఏది సరి?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: రెండూ చెల్లుతాయి. పెండ్లి పత్రికల్లో ‘రాకకు’ ఎక్కువ. వస్తువుకు మాత్రం ‘కోసం’ పెట్టండి. ‘వానకు ఎదురుచూడటం’ అతికీ అతకనట్టుంటుంది, ‘వాన కోసం’ అనండి. ‘ఎదురుచూడు’ను కలిపే రాయండి, ఇది ఒకటే క్రియ. విడగొడితే ఎదురుగా ఉన్నదాన్ని చూడటమనే అర్థానికి దారి ఇచ్చినట్టే. వచ్చేవాళ్ల దిక్కు మొహం పెట్టి చూడటం ఇందులోని బొమ్మ. పెండ్లివారికి చేసే ఎదుర్కోళ్లలో ఉన్నదీ ఈ ‘ఎదురే’. ‘ప్రమాదం కోసం ఎదురుచూస్తున్న వంతెన’ వంటి శీర్షిక వేళాకోళానికైతే సరే, మామూలు వార్తకైతే కాదు.