అవ్వ నాటి కత్తిపీట తుప్పు పట్టి ఊగుతోంది, రోజూ వాడుకునేలా బాగుచేయొచ్చా?

కావలి నుంచి అడిగినవారికి: బాగవుతుంది. అయితే తుప్పు కన్నా ముందు ఆ ఊగడం సంగతి చూడండి. ఊగే కత్తి మీద చేప తల కోయబోతే తెగేది చెయ్యే.

కత్తికి గోనెగుడ్డ చుట్టి, పీట తిరగేసి, అడుగున ఉన్న పాత చీలని కొయ్యసుత్తితో తట్టి తీయండి. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే పీటలోకి దిగే కత్తి కాడ చుట్టూ కొయ్య పగిలి ఉంటుంది. పగులు పీట అంచుదాకా పాకితే పీట మార్చాల్సిందే. కాడ సగానికి సన్నబడితే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లండి.

కత్తిని మాత్రమే వెనిగర్‌లో 2, 3 గంటలు నానబెట్టి ఇనుప పీచుతో తోమండి. రాత్రంతా వదిలేస్తే మంచి ఇనుమునీ తినేస్తుంది. తర్వాత లీటరు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఆలస్యమైతే కళ్లముందే పసుపుపచ్చగా మళ్లీ తుప్పు లేస్తుంది. అంచుకి దూరంగా ఉన్న గుంటల జోలికి పోవద్దు, వాటిని అరగదీస్తే కత్తే పలచబడిపోతుంది.

గ్రైండర్ మిషన్ పెట్టొద్దు. అంచు నీలంగా మారిందంటే పదును నిలిచే గుణం పోయినట్టే. వంపు కత్తి కాబట్టి దాన్ని కదలకుండా బిగించి, తడి సానరాయినే కత్తి మీద నడపండి. 4 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి, వీపు దగ్గర, అంటే పదును లేని అంచు దగ్గర, రాయికీ కత్తికీ మధ్య 1 సెంటీమీటరు సందుంటే దాదాపు 15 డిగ్రీలు. అవతలి వైపు సన్నటి పొర వేలికి గీరుకునేదాకా ఒకవైపు నూరి, తర్వాత రెండోవైపు నూరండి. వేలిని అంచు వెంట జరపొద్దు, అడ్డంగా బయటికి లాగి చూడండి.

కొత్త చీలకి బాగా ఎండిన తుమ్మ చేవ, అంటే మాను లోపలి గట్టి కొయ్య, వాడండి. మన దగ్గర సులువుగా దొరికే సర్వి (సరుగుడు) ఎండేకొద్దీ పగులుతుంది. కార్తీకం ముసురులో బిగించిన పచ్చి చీల రోహిణికార్తె ఎండకి వదులైపోతుంది. జిగురు వద్దనే నా మాట, మళ్లీ ఊడదీయాల్సి వస్తే పీట పగలగొట్టాలి.

పీటకి అవిసె నూనె పలచగా రాసి వారం ఆరనివ్వండి. పెయింట్ షాపులో అమ్మేది కాదు, అందులో త్వరగా ఆరే మందు కలుపుతారు. వేరుశనగ నూనె ఆరదు, జిడ్డు కడుతుంది. కత్తికి మాత్రం కొబ్బరినూనె చుక్క చాలు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రోజూ రాత్రి రాయాలి.

మొదట్లో అరటికాయ, వంకాయ ముక్కలు నల్లబడతాయి. కొన్ని వారాలకి కత్తి మీద బూడిదరంగు పొర కడుతుంది, దాన్ని తోమేయకండి.