వరంగల్ ఆర్ఈసీ కుర్రాళ్లు అడవిబాట ఎందుకు పట్టారు?

ఆర్ఈసీలో (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్‌ఐటీ) సీటొస్తే సెటిల్ అయినట్టే, మరి 1970ల్లో అక్కడి విద్యార్థులు కొందరు తుపాకీ ఎందుకు పట్టారని అడిగారు. పుస్తకాలు చదివి మారిపోయారనేది సగం మాటే. నక్సలైట్ల అనుబంధ రాడికల్ విద్యార్థి సంఘం సెలవుల్లో కుర్రాళ్లను ఊళ్లకు పంపేది, అక్కడ దొరల గడీలు, వెట్టిచాకిరీ కళ్లారా చూసొచ్చాక కొందరికి మళ్లీ క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు. పైగా ఎమర్జెన్సీ. 1975 జులైలో గిరాయిపల్లి దగ్గర ఆర్ఈసీ విద్యార్థి జనార్దన్‌తో పాటు మరో ముగ్గురిని పోలీసులు కాల్చేశారు. ఎన్‌కౌంటర్ అన్నారు, పౌరహక్కుల తరఫున విచారించిన తార్కుండే కమిటీ మాత్రం పట్టుకుని చంపారంది. ఇక చట్టం మీద నమ్మకం ఏముంటుంది? అయినా ఎక్కువమంది ఉద్యోగాల్లోనే చేరారు. అదే ఆర్ఈసీలో చదివి అడవికెళ్లిన నంబాల కేశవరావు మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యి, 2025 మేలో ఛత్తీస్‌గఢ్‌లో భద్రతా బలగాల చేతిలో చనిపోయారు. మధ్యలో పోలీసు ఇన్‌ఫార్మర్లంటూ వాళ్ల పార్టీ చంపిన పేదోళ్ల సంగతి మాత్రం ఈ కథలు చెప్పేవాళ్లు తొందరగా దాటేస్తారు.