అమ్మ మెడలో పసుపుతాడు

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. డిగ్రీ రెండో ఏడాది, మే సెలవుల్లో కాలేజీ తరఫున మూడు వారాలు నేపాల్ వెళ్తున్నావు, సింధుపాల్చోక్ కొండల్లో ఓ చిన్న బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి, చేతులు కడుక్కోవడం నేర్పాలి. 2015 భూకంపంలో నేపాల్ మొత్తంలో ఎక్కువ మంది పోయిన జిల్లా అదేనని చదివాక నిద్ర పట్టట్లేదన్నావు. "మూడు వారాల్లో ఆ పిల్లల జీవితాల్లో మార్పు తేగలనా, తిరిగొచ్చేటప్పుడు ఏడుపు ఆపుకోగలనా" అని అడిగావు.

తేలేవు. అక్కడి టీచరు ఏడాదంతా ఉంటారు, నువ్వు మూడు వారాలుంటావు. ఆయన చెప్పిన పని చెయ్యి, పిల్లల పేర్లు నేర్చుకో, చూసింది రాత్రిపూట నోట్‌బుక్‌లో రాసుకో. ఏడుపొస్తే ఏడువు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది నువ్వు చివర్లో గబగబా రాసేసిన నాలుగు లైన్లు. నాన్నకి ఢిల్లీలో ఎన్ఎస్ఎస్ క్యాంపు అనీ ఖర్చంతా కాలేజీదే అనీ చెప్పావు. 42 వేలు కావాల్సొస్తే అమ్మ తన పుస్తెల గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చింది. పుస్తెలు పసుపుతాడుకి గుచ్చుకుని, గొలుసేదని నాన్న అడిగితే కొక్కెం విరిగింది, కంసాలికిచ్చానని చెప్పింది. దీన్ని నువ్వు "అమ్మ ఫుల్ సపోర్ట్" అని రాశావు.

ఇది సపోర్ట్ కాదు అమ్మాయ్. ఆవిడ రోజూ ఆయనకి అన్నం వడ్డిస్తూ, కొంగు మెడ చుట్టూ లాక్కుంటూ ఆ అబద్ధాన్ని మోస్తోంది, నువ్వేమో బ్యాగు సర్దుకుంటున్నావు. నిజం బయటపడ్డ రోజు నిన్ను నాలుగు తిట్టి ఊరుకుంటారు, "నువ్వూ దానితో కలిసి నన్ను వెధవని చేశావు" అన్న మాట మాత్రం ఆవిడే పడాలి, అదీ ఒక్కరోజుతో పోయేది కాదు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు కాబట్టి ఇప్పటిదాకా గడిచింది, అదే పాస్‌పోర్టు కావాల్సొచ్చుంటే వెరిఫికేషన్‌కి పోలీసులు ఇంటికొచ్చినప్పుడే తెలిసిపోయేది. రేపు ఆ కొండదారిలో నీకు జ్వరమొచ్చినా, బస్సు ఆగిపోయినా కాలేజీవాళ్లు ఫోన్ చేసేది ఎవరికి? నాన్నకే కదా.

ఇంకోటి. "నాన్న ఒప్పుకోరు" అని మూడుసార్లు రాశావు, అడిగానని మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఆడపిల్ల చదువుకి ఇంట్లో దొంగతనంగా దారి వెతుక్కోవడం నాకు నచ్చదు, అడిగి సాధించుకోవాలి, కాదంటే మళ్లీ అడగాలి.

ఈ ఆదివారం ఆయన భోంచేసి కూర్చున్నాక నువ్వే వెళ్లి చెప్పు, అమ్మని పక్కన కూర్చోబెట్టుకోకు. గొలుసు పెట్టమని అడిగింది నేనే, కంసాలి మాట చెప్పాల్సొచ్చిందీ నా వల్లే అని ముందే చెప్పెయ్. ఆయన అరుస్తారు, అరవనీ. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, వద్దని కూడా అనొచ్చు, అప్పుడు ఆ డబ్బులో ఎంత వెనక్కొస్తుందో కాలేజీలో కనుక్కుని గొలుసు విడిపించు. వెళ్లమంటే, వచ్చాక నాలుగు ట్యూషన్లు చెప్పి ఆ అప్పు నేనే తీరుస్తానని మాటివ్వు. ఆదివారం ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు బ్యాంకు రశీదు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టు.