బాగ్-ఎ-ఆమ్ అంటే మామిడి తోటా?

ప్రశ్న: మా నాన్నగారు ఉద్యోగరీత్యా చాలాకాలం హైదరాబాద్‌లోని నాంపల్లిలో ఉన్నారు. పబ్లిక్ గార్డెన్స్‌ను ఆయన ఎప్పుడూ 'బాగాం' అనే అనేవారు. ఒకప్పుడు అక్కడ మామిడి తోట ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్పేవారు. చిన్నప్పుడు మమ్మల్ని అక్కడికే జంతువులను చూపించడానికి తీసుకెళ్లారట; నాకు గుర్తు లేదు. ఇవి నిజమేనా? తోటలోకి అసెంబ్లీ ఎలా వచ్చింది? వేసవి సెలవుల్లో మనవలను తీసుకెళ్తే చూడదగినవి ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ నాన్నగారు పలికిన పేరు సరైనదే, 'బాగ్-ఎ-ఆమ్' జనం నోట 'బాగాం' అయింది. అర్థం దగ్గరే చిన్న పొరపాటు జరిగింది. ఉర్దూలో 'ఆమ్' అని వినిపించే మాటలు రెండున్నాయి. మామిడిపండును చెప్పేది సంస్కృతంలోని 'ఆమ్ర' శబ్దం నుంచి వచ్చింది, దాన్ని అలిఫ్ అక్షరంతో రాస్తారు. అందరికీ చెందినది, సామాన్యమైనది అనే అర్థమిచ్చే రెండో మాట అరబ్బీ నుంచి వచ్చింది, దాన్ని ఐన్ అక్షరంతో రాస్తారు. తోట పేరులో ఉన్నది ఈ రెండో మాట. పాదుషా ప్రజలకు దర్శనమిచ్చే కొలువును 'దివాన్-ఎ-ఆమ్' అనేవారని బడి పుస్తకాల్లో చదువుకున్నాం కదా, ఆ 'ఆమ్' ఇదే. తెలుగులో రాసినా, చెవితో విన్నా తేడా తెలియదు కనుక మామిడి తోట కథ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. బాగ్ అంటే తోట. బాగ్-ఎ-ఆమ్ అంటే ప్రజల తోట. పబ్లిక్ గార్డెన్స్ అన్నది దానికి మాటకు మాటగా వచ్చిన ఇంగ్లిషు పేరు.

పేరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. రాజులు, నవాబులు తమ కోసం తోటలు వేయించుకుని చుట్టూ ఎత్తైన ప్రహరీలు కట్టించుకున్న నగరంలో, ఒక తోటను పేరుతో సహా జనానికి ఇచ్చారు. అందులో తర్వాత వచ్చిన ప్రతి కట్టడాన్నీ ఈ పేరుతో సరిచూసుకోవాలని నాకు అనిపిస్తుంది.

అసెంబ్లీ భవనం మొదట్లో అసెంబ్లీ కాదు, టౌన్‌హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజుకు గుర్తుగా నగర పౌరులు చందాలు పోగుచేసి దాన్ని తలపెట్టారు. 1905లో పునాదిరాయి పడింది, 1913లో పని పూర్తయింది. ఎవరి పేరు మీద మొదలుపెట్టారో ఆ మహబూబ్ 1911లోనే కన్నుమూశారు కనుక పూర్తయిన భవనాన్ని ఆయన చూడలేదు. జనం సొమ్ముతో, జనం తోటలో, జనం కూర్చోవడానికి కట్టిన ఆ తెల్లని గుమ్మటాల భవనంలోనే 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ కొలువుదీరింది. ఇప్పుడు ఆ ఆవరణ తెలంగాణ శాసనసభది. భద్రత కోసం ఆ భాగం తోట నుంచి వేరుపడింది, నడకకు వెళ్లేవారు దాన్ని కంచె ఇవతలి నుంచే చూడాలి. ఆ కట్టుదిట్టాల అవసరం నాకు తెలుసు, అయినా ఆ కంచె దగ్గర నిలబడిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

మిగిలిన కట్టడాలూ ఇలాగే ఒక్కొక్కటిగా చేరాయి. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండిన సందర్భంగా 1937లో రజతోత్సవాలు జరిగిన చోటు జూబ్లీ హాలు. శాసనమండలిని 2007లో పునరుద్ధరించాక దాని సమావేశాలకూ అదే వేదికయింది. షాహీ మసీదు కూడా తోటలోనే ఉంది. శుక్రవారం నమాజుకు వచ్చినవారు, అయ్యాక చెట్ల కింద కాసేపు కూర్చుని వెళ్తుంటారు.

జంతువుల మాట నిజమే. నగరంలోని జంతు ప్రదర్శనశాల మొదట ఈ తోటలోనే ఉండేది. మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు 1963లో తెరుచుకున్నప్పుడు ఇక్కడి జంతువులను అక్కడికి తరలించారు. మీ నాన్నగారు మిమ్మల్ని తీసుకెళ్లింది అంతకుముందే అయివుండాలి.

మనవలకు ముందుగా పురావస్తు మ్యూజియం చూపించండి. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ అక్కడే ఉంది. ఆయన దాన్ని ఏడో నిజాంకు ఇవ్వగా, నిజాం మ్యూజియానికి ఇచ్చారు. పిల్లలు నేరుగా దాని దగ్గరికే పరిగెడతారు, పరిగెత్తనివ్వండి. అజంతా చిత్రాల ప్రతికృతుల ముందు మాత్రం చేయిపట్టుకుని ఆపి, కాస్త సేపు నిలబెట్టండి. మీరు సెలవులకే వస్తున్నారు కనుక జవహర్ బాలభవన్‌లో వేసవి శిక్షణల గురించి కూడా అడిగి చూడవచ్చు. సంగీతం, నాట్యం, చిత్రలేఖనం నేర్పే ఆ చోటులో తొలి అడుగులు వేసిన పిల్లలు ఈ నగరంలో ఎందరో ఉన్నారు.

వీలైతే తెల్లవారకముందే వెళ్లండి, తోట అసలు రూపం అప్పుడే కనిపిస్తుంది. మొన్నామధ్య నేను వెళ్లినప్పుడు ఒక సిమెంటు బల్ల మీద నలుగురు పెద్దమనుషులు ఒకే దినపత్రికను పేజీలుగా విడదీసి పంచుకుని చదువుతున్నారు. ఒకాయన ఉర్దూలో వ్యాఖ్యానిస్తే మరొకాయన తెలుగులో జవాబిస్తున్నారు, ఎవరూ ఎవరి మాటనూ అనువదించమని అడగడం లేదు. నాలుగో ఆయన తన పేజీ పూర్తిచేసి, మడత చెదరకుండా పక్కాయన ఒడిలో పెట్టి, కర్ర తీసుకుని రెండో చుట్టుకు లేచారు.

ప్రభుత్వ వేడుకల రోజుల్లో మాత్రం వెళ్లకండి. ఇటీవలి సంవత్సరాల్లో సెప్టెంబరు 17న జెండా వందనం ఇక్కడే జరుగుతోంది కనుక ఆ రోజు రాకపోకలు కష్టమవుతాయి. మామూలు రోజుల్లో మెట్రోలో అసెంబ్లీ స్టేషనులో గానీ నాంపల్లి స్టేషనులో గానీ దిగి నడిచి చేరుకోవచ్చు. ఆటో ఎక్కితే డ్రైవరుతో మీ నాన్నగారు అన్నట్టే 'బాగాం' అని చెప్పి చూడండి. పాత నగరం నుంచి వచ్చినవాడైతే ఇంకేమీ అడగడు.