బాబుని మధ్యాహ్నమే తీసుకెళ్లమంటున్నారు

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం ఉంది. చదువుతాడు, లెక్కలు బాగా చేస్తాడు, మాటలే తక్కువ. లంచ్ బెల్ కొట్టగానే చెవులు మూసుకుని బెంచీ కిందకి దూరిపోతాడు, బయటికి లాగితే అరుస్తాడు. వెంటనే బడి నుంచి నాకు ఫోన్, వచ్చి తీసుకెళ్లండి అని. దీనివల్ల ఉద్యోగం కూడా మానేశాను. ఇప్పుడేమో థెరపీ చేయించి బాగయ్యాక తీసుకురండి అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ఆ షరతుకి మాత్రం ఒప్పుకోకండి. ఆటిజం తగ్గాక బడికి పంపడానికి జ్వరం కాదు కదా, అది ఎప్పుడూ ఉండేదే, మరి అందాకా చదువు ఆపేస్తారా? థెరపీ మంచిదే, తనకేం కావాలో చెప్పుకోడానికి పనికొస్తుంది, కానీ అది బడితో పాటు జరగాలి, బడికి బదులుగా కాదు.

గొడవంతా బెల్ దగ్గరే మొదలవుతోంది చూడండి. చాలామంది ఆటిజం పిల్లలకి శబ్దాలు, వెలుతురు మనకంటే చాలా ఎక్కువగా తగుల్తాయి, ఆటిజం లాంటివి గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 అనే పుస్తకంలో కూడా 2013 నుంచి దీన్ని లక్షణాల్లో చేర్చారు. బాబుది మొండితనం కాదు, ఆ మోత భరించలేక దాక్కుంటున్నాడు, అలాంటప్పుడు చెయ్యి పట్టి లాగితే అరవడా మరి! బెల్‌కి రెండు నిమిషాల ముందే ఎవరైనా బయటికి తీసుకెళ్లొచ్చు, చెవులకి హెడ్‌ఫోన్స్ లాంటివి పెట్టొచ్చు, తర్వాత ఏం జరుగుతుందో బొమ్మలతో టైమ్ టేబుల్ పెట్టొచ్చు, మాట రానప్పుడు చూపించడానికి "బ్రేక్ కావాలి" అని ఒక కార్డు ఇవ్వొచ్చు. వీటిల్లో ఖర్చయ్యేది ఎంతని? ఒక్కటీ ట్రై చెయ్యకుండా మీ ఉద్యోగం పోయేదాకా తేవడం చదివి నాకు చాలా బాధేసింది, కోపం కూడా వచ్చింది.

రోజూ సగం పూట పంపించేస్తుంటే పేరుకే బడిలో ఉన్నట్టు, పాఠాలు మాత్రం పోతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, ఆర్టికల్ 24, వైకల్యం ఉందని పిల్లల్ని మామూలు చదువుకి దూరం చెయ్యకూడదనే చెప్తుంది, అవసరమైన సర్దుబాట్లు చెయ్యమని కూడా అంటుంది. దాన్ని ఆమోదించిన దేశాలన్నీ పాటించాల్సిందే.

కాబట్టి పైన చెప్పినవన్నీ కావాలని హెడ్‌కి లెటర్ రాసివ్వండి, కాపీ దగ్గర పెట్టుకోండి. ఫోన్ వచ్చిన ప్రతిసారీ తేదీ, టైమ్, దానికి కాస్త ముందు క్లాసులో ఏం జరిగిందో డైరీలో రాసుకోండి. మళ్లీ తీసుకెళ్లమంటే, ఎందుకో మెసేజ్‌లో రాసి పంపమని అడగండి.