ఇంటి డ్రైనేజీ పైపు మరమ్మతు ఎవరి బాధ్యత?

నల్లగొండలో ఇంటి నుంచి వీధి మ్యాన్‌హోల్ దాకా ఉన్న పైపు పూడుకుపోతే బాగుచేయించాల్సింది మేమా, మున్సిపాలిటీయా అని అడిగారు. సాధారణంగా మరుగుదొడ్డి, స్నానాలగదుల నుంచి వీధి లైనులో కలిసే చోటు వరకు ఉన్న పైపు, చాంబర్లు (పైపు దారిలో మూతలతో ఉండే గుంటలు) ఇంటి యజమానివే. వీధి లైను, దాని మ్యాన్‌హోళ్లు మున్సిపాలిటీవి. అందువల్ల మేస్త్రీని పిలిచే ముందు మీ ఆఖరి చాంబర్ మూత తీసి చూడండి: అది ఖాళీగా ఉంటే అడ్డు ఇంటి వైపు ఉన్నట్టు, నిండి ఉండి వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే లోపం వీధి లైనులో ఉన్నట్టు. ఇంటి పైపు కోసమైనా సరే, రోడ్డు తవ్వాలంటే మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలి.

వీధి లైను లేని కాలనీల్లో సెప్టిక్ ట్యాంకు భారమంతా యజమానిదే. ఆ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి వాక్యూమ్ ట్యాంకరుతోనే ఖాళీ చేయించాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం జైలుశిక్ష పడదగిన నేరం.