ప్రయాణపు సంచిలో శొంఠి, వాము

ప్రశ్న: మాది చిత్తూరు. అత్తగారు, ఆరేళ్ల పాప, ఎనిమిది నెలల బాబుతో తిరుమల వెళ్తున్నాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో పాపకు వాంతులవుతాయి. ఏ ఇంటి మందులు వెంట ఉంచుకోవాలి?

జవాబు: బస్సెక్కే అరగంట ముందు పాపకు చిటికెడు శొంఠి పొడిని బెల్లంతో కలిపి ఇవ్వవచ్చు, అయితే కడుపు నిండా తినిపించకుండా, ముందు సీటులో కూర్చోబెట్టడమే నా దృష్టిలో అంతకంటే పెద్ద మందు. అత్తగారి అజీర్తికి వేయించిన వాము చాలు, కానీ ఆమె రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే శొంఠి విషయంలో ముందుగా వైద్యుణ్ని అడగండి.

బాబు సంగతి వేరు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు, ఎందుకంటే దానిలో ఉండగల సూక్ష్మక్రిమి బీజాల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కర్పూరం, నీలగిరి తైలం బాబు ముక్కు దగ్గర రాయకండి. అవి మింగితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది కనుక పాపకూ అందనివ్వకండి.

పొడులను తడి లేని చిన్న స్టీలు డబ్బాల్లో పోసి, పేర్లు రాసి అతికించండి. కషాయం కాచి సీసాలో తీసుకెళ్లవద్దు, పులిసిపోతుంది. విరేచనాలైతే మూలికలతో కాలయాపన చేయకుండా ఓఆర్‌ఎస్ ద్రావణం పట్టించండి. బాబుకైతే తల్లిపాలు ఆపకుండా వెంటనే వైద్యుడికి చూపించండి.